తుప్పు నీళ్ళ ఊళ్ళో నేను దాచిన జబ్బు

నేను రబ్బరు తోట బడిలో రెండేళ్ళు చదివాను. మూడో ఏడు తమ్ముణ్ణి ఎత్తుకోవడానికి మనిషి కావాలని బడి మాన్పించారు. అందుకని రాతలో తప్పులుంటే ఉంటాయి. సంగతిలో మాత్రం తప్పు ఉండదు. సంగతిలో తప్పు పెట్టి కొన్నాళ్ళు బతికి చూశాను, అది చాలు.

ఇది క్షయ గురించి. ముందు నాకు వచ్చింది, తర్వాత నా కోడలు సత్యవతికి వచ్చింది. ఇద్దరం బతికాం. ఇప్పుడు మలయాకు మెర్డెకా, అంటే స్వతంత్రం, వచ్చి రెండేళ్ళు దాటింది, అడవుల్లో కమ్యూనిస్టుల మీద దొరలు పెట్టిన ఎమర్జెన్సీ కూడా తీసేస్తారంటున్నారు. నా ఛాతీ ఫోటోలో మచ్చ ఎండిపోయిందని చెప్పారు. మనసులోది ఎండలేదు. దాన్ని రాస్తే కొంచెం నిలబడగలనేమోనని, నాలాంటి అత్తగారు ఇంకొకరుంటే చదువుతుందేమోనని రాస్తున్నాను.

మేముండేది పినాంగు దీవిలో, కొండల మీద. జార్జ్ టౌన్ నుంచి బస్సులో కొండ అడుగుకు వచ్చి, అక్కణ్ణించి రెండు గంటలు ఎక్కాలి. యుద్ధానికి ముందు అది దొరల ఊరు. అక్కడ రాతి పగుల్లోంచి ఎర్రటి నీళ్ళు వస్తాయి. నోట్లో పోసుకుంటే పాత మేకు నాకినట్టు ఉంటుంది. ఆ నీళ్ళు తాగి, ఆ నీళ్ళలో మునిగితే రోగాలు పోతాయని దొరలు, దొరసానులు కుర్చీలకు బొంగులు కట్టించుకుని, కూలీల భుజాల మీద పైకి వచ్చేవారట. మేం వెళ్ళేసరికి దొరలు లేరు. స్నానాల ఇల్లు కప్పు సగం కూలింది. తెల్ల పలకలు పరిచిన తొట్లు ఉన్నాయి, ఇత్తడి కుళాయిలు ఎవరో యుద్ధంలోనే విప్పుకుపోయారు. తొట్లలో కప్పలు కాపురం. చుట్టూ కూరగాయలు, పూలు పండించే చీనా వాళ్ళ ఇళ్ళు పదో పన్నెండో. తెలుగు వాళ్ళం మేమొక్కళ్ళమే. తుప్పు నీళ్ళ ఊరని మేం పెట్టుకున్న పేరే.

అంతకుముందు మాది కౌలా సెలంగోర్ వైపు తోట. మా ఆయన పోయాక, మా అబ్బాయి సన్యాసికి ఈ కొండ మీద నీళ్ళ కాపలా పని దొరికింది. కొండవాగు నీళ్ళు గొట్టంలో పడి పట్నానికి పోతాయి. ఆ గొట్టం మూతి దగ్గర ఆకులు తీసి, ఎవరూ దిగకుండా చూడడం వాడి పని. పాత స్నానాల ఇంటి పనివాళ్ళుండే వరసలో మాకు ఒక ఇల్లు ఇచ్చారు. ఒకటే గది. నేను, సన్యాసి, సత్యవతి, మనవరాలు పార్వతి.

మెర్డెకాకు రెండేళ్ళ ముందు, వానల్లో నాకు దగ్గు పట్టింది. కొండ మీద మంచు, పొయ్యి పొగ, అని తీసిపారేశాను. రైక వదులైంది. వదులైన రైకకు కుట్టు వేసుకున్నాను గాని, ఎందుకు వదులైందని నన్ను నేను అడగలేదు. దీపావళి సరుకులకు పట్నం దిగినప్పుడు బస్సు స్టాండులో కళ్ళు తిరిగి పడ్డాను. ఎవరో మలాయ్ ఆవిడ నన్ను లేపి, తన గొడుగు కింద పెట్టుకుని ఆసుపత్రి దాకా నడిపించింది. ఆవిడ పేరు కూడా అడగలేదు నేను.

అక్కడ ఛాతీకి ఫోటో తీశారు. డ్రెస్సర్ తమిళాయన, నెరిసిన మీసం. మందులిచ్చేదీ సూదులేసేదీ ఆయనే. బెంచీ మీద నా పక్కన కూర్చుని, అప్పచెల్లెలికి చెప్పినట్టు చెప్పాడు. నాకు తమిళం వచ్చు, ప్రతి మాటా అర్థమైంది; మాట చివర లా అనడం ఇక్కడ అందరి అలవాటు.

"ఇది క్షయ అమ్మా. ఈరోజుల్లో దీనికి సూదులున్నాయి, బాగైపోతుంది లా. కానీ వార్డులో ఉండాలి, నెలల తరబడి. ఇంట్లో పిల్లలున్నారా?"

"మనవరాలుంది."

"అయితే ఇవాళ నుంచే వేరే పడక, వేరే పళ్ళెం. దగ్గితే గుడ్డ అడ్డం. రేపే ఇంటి వాళ్ళని తీసుకురా."

"అలాగేనయ్యా," అన్నాను. ఆయన రాసిచ్చిన కాగితాన్ని మడిచి బొడ్లో దోపుకున్నాను. కొండెక్కి, బియ్యం డబ్బా అడుగున పెట్టాను. మర్నాడు వెళ్ళలేదు. ఆ వారం వెళ్ళలేదు. వెళ్ళనే లేదు.

ఎందుకు వెళ్ళలేదంటే, నాకు నేను ఒక కారణం చెప్పుకున్నాను. పట్నమంతా తాగే నీళ్ళ దగ్గర క్షయ మనిషి ఉందని తెలిస్తే సన్యాసి పని పోతుంది, ఇల్లు పోతుంది అని. అది అబద్ధం కాదు, పోయినా పోయేది. కానీ అసలు కారణం అది కాదు.

అసలు కారణం పళ్ళెం.

మాలో కొన్ని ఇళ్ళల్లో పద్ధతి ఉంది. అత్త తిన్న పళ్ళెంలో కోడలు తినాలి. నాకు పద్నాలుగో ఏట పెళ్ళయింది. పెళ్ళి మర్నాటి నుంచి పందొమ్మిదేళ్ళు నా అత్తగారి ఎంగిలి పళ్ళెంలో తిన్నాను. ఆవిడ చేప ముళ్ళు ఏరి అంచున పెట్టేది, ఆ ముళ్ళ పక్కనే నా అన్నం. ఆవిడ పోయిన రోజే నాకు సొంత పళ్ళెం వచ్చింది. సత్యవతి వచ్చినప్పుడు, ఇక నా వంతు అనుకున్నాను. ఆ పిల్ల కిమ్మనకుండా తినేది. పైగా ఎమర్జెన్సీ రోజులు. అడవిలో ఉన్న వాళ్ళకు తిండి అందకూడదని, కొండ కింద పోలీసు గేటు దగ్గర ఇంటికింత అని బియ్యం కొలిచి పంపేవారు. దుకాణంలో డబ్బా పాలు కొంటే, దాచి అడవికి పంపకుండా డబ్బాకు చిల్లు పొడిచి ఇచ్చేవారు. ఒక్క మెతుకు పారెయ్యకూడదు, ఒక పళ్ళెం ఎక్కువ కడగకూడదు అని నేను రోజూ చెప్పేదాన్ని. పొదుపనే మాట నా నోట అంత బాగా పలికేది.

ఇప్పుడు వేరే పళ్ళెం పెట్టుకుంటే ఎందుకని అడుగుతుంది. చెబితే నా పళ్ళెం ఇంకెప్పుడూ ముట్టదు. నా పక్కన కూర్చోదు. నేను ఇంట్లో పెద్దదాన్ని కాకుండా పోతాను. అదీ నా భయం. చావు భయం దాని తర్వాతే.

మందుకు పోకుండా తుప్పు నీళ్ళు మొదలుపెట్టాను. దొరలకు తగ్గించిన నీళ్ళు నాకు తగ్గించవా అని. ఊరికే వచ్చే నీళ్ళుండగా సూదులెందుకని. మిట్టమధ్యాహ్నం కప్పల్ని తోలి, పగిలిన తొట్టిలో కూర్చునేదాన్ని. చీరకు ఎర్ర మరక పట్టింది, ఎన్ని ఉతుకులకూ పోలేదు. పక్కింటి చీనా ఆవిడను మేం ఆసో అని పిలుస్తాం, వదినా అన్నట్టు. క్యాబేజీలు మోసుకుంటూ ఆ దారినే పోతూ, తనకొచ్చిన బజారు మలాయ్‌లో ఎగతాళి చేసేది.

"ఏటి, దొరసాని వచ్చిందా? కుర్చీ తెమ్మంటావా, మోస్తాం!"

"కీళ్ళ నొప్పులే," అనేదాన్ని.

కోడలికి నా పళ్ళెంలో పెట్టడం ఒక్కసారి మానాలని చూశాను. అది కూడా రాయాలి, లేకపోతే నాకు తెలియక చేశాననుకుంటారు. నెల దాటాక ఒక మధ్యాహ్నం, గుడ్డలో ఉమ్మితే ఎర్రగా కనిపించింది. ఆ పూట తిని, పళ్ళెం పక్కకు తోసి, "ఇది కోళ్ళకి ఏసేయ్. నువ్వు ఆకులో తిను," అన్నాను.

సత్యవతి చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది.

"ఏటత్తా? నానేటి సేసినాను?"

"ఏటీ లేదు. ఏసేయ్."

"కూరలో ఉప్పు ఎక్కువైనాదా? కోళ్ళకి పెడతావు గాని నాకు పెట్టవేటి? ఆసో సూస్తే, అత్త కోడల్ని ఎల్లగొట్టేస్తంది అనుకుంటది." నవ్వుతూనే అంది. కళ్ళు మాత్రం నిండాయి. "కోపముంటే తిట్టు. తిడితే పడతాను. ఇలాగ సెయ్యకు."

నాలుక చివరిదాకా వచ్చింది. చెప్పేస్తే ఆ క్షణంలో అయిపోయేది. కానీ ఆ పిల్ల నా ఎంగిలి కోసం కళ్ళనీళ్ళు పెట్టుకోవడం నాకు, ఏం చెప్పను, బాగుండింది. పందొమ్మిదేళ్ళు నేను తిన్నందుకు ఎవరో ఇప్పుడు చెల్లిస్తున్నట్టుండింది.

"సర్లే, తిను," అని పళ్ళెం మళ్ళీ ఆమె ముందుకు తోశాను.

అదీ నేను చేసింది. జబ్బని తెలియక చేసింది కాదు. కాగితం బియ్యం డబ్బాలో ఉండగా, నా చేత్తో తోశాను. అంతా కలిపి ఏడు నెలలు.

ఏడో నెల చివర, ఒక తెల్లవారుజామున సత్యవతి పొయ్యి ఊదుతూ దగ్గి, బూడిదలో నెత్తురు కక్కింది. కర్ఫ్యూ తీసి గేటు తెరిచేదాకా కదలడానికి లేదు. ఆసో మొగుడు పాత స్నానాల ఇంట్లోంచి దొరల కుర్చీ ఒకటి లాక్కొచ్చాడు. బొంగులు కొత్తవి కట్టారు. సన్యాసి ముందు, ఆయన వెనక. దారిలో ఆసో తడవకొకసారి వంగి సత్యవతి కాళ్ళ మీద దుప్పటి సర్దుతూ, "కసియాన్, కసియాన్," అంటూ నడిచింది. పాపం, పాపం అని. నేను గుమ్మంలో పార్వతిని పట్టుకుని నిలబడ్డాను. ఆ కుర్చీలో పోవలసినది నేను.

ఇంటిల్లిపాదీ వచ్చి ఫోటో తీయించుకోవాలని ఆసుపత్రి నుంచి కబురు వచ్చింది. కీళ్ళ నొప్పులు, కొండ దిగలేనన్నాను. మొదటి వారం ఇపో ఊరి నుంచి సత్యవతి అమ్మానాన్నా వచ్చారు. కూతుర్ని చూసి, కొండెక్కి మా ఇంటికి వచ్చారు. వాళ్ళమ్మ ఏడుస్తూ అడిగింది.

"ఎలా వచ్చినాదొదినా? మా ఇంట్లో ఎవలికీ లేదు."

"మా ఇంట్లోనూ లేదు," అన్నాను. అక్కడితో ఆగలేదు. "మీ వైపు పెద్దోలనడిగి సూడండి. పిల్ల వచ్చినప్పుడే సన్నగా వచ్చినాది."

ఆడపిల్లను ఇచ్చిన వాళ్ళు ఏమంటారు? తలొంచుకుని దిగిపోయారు. దిగేటప్పుడు వియ్యంకుడు, "ఎండలో నిలబడకమ్మా, నువ్వూ నీరసంగా ఉన్నావు," అన్నాడు నాతో. ఆ మాట ఇప్పటికీ నన్ను తిననివ్వదు.

రెండు నెలలకు పార్వతికి జ్వరం తగులుకుంది. వారమైనా దిగలేదు. నాకు అప్పుడు భయం వేసింది. మొదటిసారి నా గురించి కాని భయం. ఆ పిల్ల నా పక్కలో పడుకునేది. సన్యాసి నీళ్ళ దగ్గర నుంచి వచ్చేదాకా ఆగలేక, దాన్ని వీపుకు కట్టుకుని నేనే దిగాను. దిగాను గాని, ముసుగు మొహం మీదికి లాక్కునే దిగాను. నన్ను ఎవరూ గుర్తుపట్టకూడదని.

ఆసుపత్రి వసారాలో బెంచీలు. ముప్పై మంది, ముప్పై దగ్గులు. ఎవరూ ఎవరి మొహమూ చూడరు. ఒక తమిళ తాత తన రొట్టె ముక్క విరిచి పార్వతికి ఇవ్వబోయి, తన జబ్బు గుర్తొచ్చినట్టు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. పరాయి పిల్ల విషయంలో ఆయనకున్న బుద్ధి నాకు నా ఇంట్లో లేకపోయింది. వసారాకు ఎదురుగా ఆడవాళ్ళ వార్డు. కిటికీ ఇనుప తీగల వెనక సత్యవతి వచ్చి నిలబడింది. పాపను చూడడానికి, దూరం నుంచే. అప్పటికి సన్యాసి కూడా పరుగున వచ్చాడు.

డ్రెస్సర్ పార్వతి ఫోటో తెచ్చాడు. "పాపకు ఛాతీలో ఏమీ లేదు. ఉత్త జ్వరం," అన్నాడు. సంతోషంలో ముసుగు జారింది. ఆయన నన్ను చూశాడు. ఆ నెరిసిన మీసం అలాగే ఉంది.

"నువ్వా అమ్మా? దీపావళికి ముందు వచ్చినావు కదా. రేపు వస్తానని పోయినావు. మందుకు రానే లేదేం?"

అందరూ వినేలా అన్నాడు. తప్పు ఆయనది కాదు. ఆయనకు రోగులందరితో పెద్ద గొంతే.

సన్యాసి, "ఏటి మందు? ఎవలికి?" అన్నాడు.

డ్రెస్సరే చెప్పాడు. నేను చెప్పలేదన్నది గుర్తుపెట్టుకోండి. నా ధైర్యంతో బయటికి వచ్చింది కాదది. తీగల వెనక సత్యవతి అంతా వింది. వెనక్కి తిరిగి, గోడ పట్టుకుని నడుచుకుంటూ తన మంచం దగ్గరికి పోయింది.

ఆ రోజే నన్ను అదే వార్డులో చేర్చారు. ఆమెది కిటికీ పక్క మంచం, నాది తలుపు పక్కది. మధ్యలో తొమ్మిది మంచాలు. పార్వతిని ఆసో తన ఇంట్లో పెట్టుకుంది. క్షయ ఇంటి పిల్లను పెట్టుకోకు అని ఊళ్ళో చెప్పిన వాళ్ళున్నారట. "నా ఇల్లు, నా అన్నం," అందట. మాకు ఇంటికింత అని కొలిచే రోజుల్లో ఆ అన్నం.

సూదులు తుంటికి, రోజూ. మందు బిళ్ళలు రూపాయి బిళ్ళంత, మింగితే కడుపు తిప్పేది. అది భరించవచ్చు. భరించలేనిది, సత్యవతి మాట్లాడకపోవడం. తిట్టలేదు, ఏడవలేదు. నర్సు నా గురించి ఏదైనా అడిగితే, "ఆమెనే అడగండి," అనేది. ఒకసారి డ్రెస్సర్ నా మీద జాలిపడి, "పళ్ళెం కంటే ఒకే గదిలో దగ్గడం ఎక్కువ చెరుపమ్మా. పళ్ళెం ఒక్కదానివల్లే అనుకుని కుమిలిపోకు," అన్నాడు. అందులో నాకు ఓదార్పు ఏముంది? గదిలో దగ్గిందీ నేనే.

ఏడాది తిరిగింది. మెర్డెకా నాటి ఉదయం నర్సులు ప్రతి మంచానికీ కాగితం జెండా కట్టారు. రేడియోలో కౌలాలంపూర్ నుంచి కేకలు వినిపిస్తున్నాయి. వార్డంతా మంచాల మీదే లేచి కూర్చుని, "మెర్డెకా!" అని అరిచింది, వెంటనే వార్డంతా దగ్గింది. పెద్ద నర్సు పరుగెత్తుకొచ్చి, "ఊపిరితిత్తులు, ఊపిరితిత్తులు! దేశానికి స్వతంత్రం వచ్చింది గాని మీకు రాలేదు లా, పడుకోండి!" అని కసిరింది. సత్యవతి నవ్వింది. ఏడాదిలో మొదటి నవ్వు. నవ్వుతూ నవ్వుతూ ఇటు తిరిగి, నన్ను చూసి ఆపేసింది.

మర్నాడు తనే నా మంచం దగ్గరికి వచ్చి నిలబడింది. చేతిలో ఇపో నుంచి వచ్చిన ఉత్తరం.

"మా సెల్లెలి సంబంధం తప్పిపోయినాది. క్షయ ఇల్లంట మాది. పిల్లోడోల్లు గుల్లోనే మా నాన్న మొగమ్మీద అనేసినారంట."

ఉత్తరం మడిచి మళ్ళీ అంది.

"మా ఇంట్లో లేదు అని మా అమ్మతో నువ్వే సెప్పినావంట. నీ జబ్బు నాకిచ్చినావు, సరే. మా వాళ్ళ పరువెందుకు తీసినావత్తా?"

"తప్పైపోనాదే," అన్నాను.

"నాతో కాదు. మా వాళ్ళింటికొచ్చి సెప్పు. మా అమ్మ ముందు, మా నాన్న ముందు, గుల్లో పెద్దోల ముందు. నాను ముందు బాగై అక్కడికే ఎల్తాను, పాపని తీసుకుని. నువ్వొచ్చి సెప్పినప్పుడు మీ ఇంటికొస్తాను. సెప్పకపోతే రాను."

అన్నట్టే చేసింది. వానలు తగ్గకముందే ఆమెను పంపించారు, ఇపో వెళ్ళిపోయింది. నన్ను ఇంకో ఆరు నెలలకు పంపారు. కొండ మీద ఇంట్లో సన్యాసి ఒక్కడే ఉన్నాడు. వాడి పని పోలేదు. నేను భయపడినదేదీ జరగలేదు, భయపడనిదే జరిగింది. వాడు అన్నాడు, "నువ్వెందుకమ్మా పోయి తల దించుకోడం? నాను ఉత్తరం రాసేస్తాను. తెలీక జరిగినాదని రాస్తాను."

"తెలిసే జరిగినాది," అన్నాను. "రాస్తే అబద్ధమే రాస్తావు. నానే ఎల్తాను."

పడవలో సముద్రం దాటి, బస్సు పట్టుకుని ఇపో వెళ్ళాను. దారిలో పోలీసులు రెండుసార్లు దింపి సంచులు వెతికారు. నా సంచీలో రెండు చీరలు, మందు సీసా. వస్తున్నానని కబురు పంపాను గనక సత్యవతి ముందే పిలిచినట్టుంది, వాళ్ళ ముందుగదిలో గుడి పెద్దలు ఇద్దరు కూర్చుని ఉన్నారు. వియ్యంకుడు లేచి కుర్చీ చూపించాడు. చెల్లెలు కాఫీ తెచ్చి నా ముందు పెట్టింది. సత్యవతి లోపలి గుమ్మంలో, పార్వతి ఆమె కాలు పట్టుకుని.

నేను కూర్చోలేదు. నిలబడే చెప్పాను. జబ్బు మా ఇంటిది, నాది. కాగితం దాచినాను. నా పళ్ళెంలోనే కోడలికి పెట్టినాను. మీ వైపుది అన్నది అబద్ధం. ఈ ఇంటి పిల్లలకు ఏ మచ్చా లేదు. ఇన్ని మాటలే. దారి పొడవునా ఇంకా చాలా అనుకున్నాను, మా అత్తగారి గురించి, సన్యాసి పని గురించి. అవేవీ చెప్పలేదు. అవి చెబితే మళ్ళీ తప్పించుకోవడమే.

గుడి పెద్దలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సత్యవతి అమ్మ అడిగింది.

"తెలిసి ఎన్నాల్లు పెట్టినావొదినా?"

"ఏడు నెల్లు."

ఆవిడ లేచింది. నా ముందున్న కాఫీ గ్లాసు తీసుకుని లోపలికి పోయింది. దొడ్లో పారబోసిన చప్పుడు వినిపించింది. మళ్ళీ బయటికి రాలేదు. నేను బాకీ ఉన్న మాట చెప్పడమైంది గనక, గుమ్మం వైపు తిరిగాను.

చెప్పులు వేసుకుంటుంటే వెనక సత్యవతి గొంతు.

"నిజం సెప్పినావు. అది సాల్దత్తా."

"తెలుసే."

"ఎప్పటికీ సాల్దు." ఆమె చంకలో పార్వతి, చేతిలో బట్టల సంచీ. గుమ్మం దిగి నా పక్కకు వచ్చి నిలబడింది. నేను అలవాటుగా పాప కోసం చేతులు చాపాను.

"పాపని నాను ఎత్తుకుంటాను," అంది. "సంచీ నువ్వు పట్టుకో. పద, బస్సుకి ఏలవుతాది."

సంచీ తీసుకుని ఆమె వెనక నడిచాను.